జెల్డా రెండో ఆట ఎందుకంత వేరుగా ఉంటుంది? రెండు బటన్లు, ఒక డిస్కు, మూడు గుణాల కథ

సంక్షిప్తంగా: నింటెండో 1987లో విడుదల చేసిన ‘జెల్డా 2: ది అడ్వెంచర్ ఆఫ్ లింక్’ జెల్డా వీడియో ఆటల వరుసలో ఒంటరిగా నిలిచిన ఆట. దీనిలో కథానాయకుడు లింక్ పక్క నుంచి కనిపిస్తాడు, శత్రువులను చంపి పాయింట్లు సంపాదిస్తాడు, లెవెళ్లు పెంచుకుంటాడు. ముందు ఆటలోనూ తరవాతి ఆటల్లోనూ ఈ పద్ధతి లేదు. ఆట కష్టంగా ఉంటుందన్న పేరు కూడా దీనికే ఎక్కువ. ఈ తేడాకు దర్శకుల అభిరుచి ఒక్కటే కారణం కాదు. రెండే బటన్లున్న కంట్రోలర్, ఒక గీత మీద పరిమితంగానే బొమ్మలు గీయగల చిప్, ఓడినవాడి నుంచి ఏం లాక్కోవాలన్న నియమం కలిసి ఈ ఆటకు ఈ రూపం ఇచ్చాయి.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

పాత ఆటలను ఇప్పుడు కొత్తగా ఆడుతున్నవారు జెల్డా వరుసను మొదటి నుంచి మొదలుపెడితే రెండో ఆట దగ్గర ఆగిపోవడం మామూలే. 1986 నాటి మొదటి ఆటలో మైదానాన్ని పైనుంచి చూస్తూ, ఒక్కో స్క్రీన్ దాటుకుంటూ, పొదలు కాల్చి గుహలు వెతికిన ఆటగాడికి రెండో ఆటలో మరో లోకం ఎదురవుతుంది. పటం మీద నడిచేటప్పుడు మాత్రమే దృశ్యం పైనుంచి ఉంటుంది. ఊరిలోకి, కోటలోకి, పోరాటంలోకి అడుగుపెట్టగానే తెర పక్కచూపుకు మారుతుంది. స్క్రీన్ పైభాగంలో ప్రాణాన్ని చూపే హృదయాల వరుసకు బదులు మ్యాజిక్, లైఫ్ గీతలూ, వాటి పక్కన పాయింట్ల అంకెలూ కనిపిస్తాయి. రూపాయల్లాంటి రూపీలు లేవు, దుకాణాలు లేవు.

దీంతో రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది అసలు జెల్డా ఆటేనా అన్నది మొదటిది. యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే చేతివేగంతో పోరాడుతూ పాత్ర బలాన్ని అంకెల్లో పెంచుకునే ఆట, ఇదేనా, మొదటి ఆట ఆ కోవలోకి రాదా అన్నది రెండోది. రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిది చాలావరకు తేలిపోతుంది.

ఆ పెట్టెలో ఏముంది

నింటెండో ఫామికామ్ అనే కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రం, 1983 జూలై 15న జపాన్‌లో 14,800 యెన్ల ధరకు అమ్మకానికి వచ్చింది. అమెరికాలో 1985 నుంచి ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మింది ఇదే యంత్రాన్ని. సెకనుకు సుమారు 17.9 లక్షల చక్రాలతో నడిచే ఎనిమిది బిట్ల ప్రాసెసర్, పనికి 2 కిలోబైట్ల జ్ఞాపకం, బొమ్మల కోసం విడిగా మరో 2 కిలోబైట్లు, ఇదీ దాని సరంజామా. ఆట తాలూకు మిగతా సమాచారం అంతా యంత్రంలో గుచ్చే కార్ట్రిడ్జ్‌లోని చిప్‌ల నుంచే రావాలి. తొలినాళ్లలో ఆ చిప్‌ల ఖరీదు ఎక్కువ, చోటు తక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా, కరెంటు ఆపగానే ఆటగాడు చేసిందంతా చెరిగిపోయేది.

రోల్ ప్లేయింగ్ ఆటకు ఈ చివరి సంగతి ప్రాణాంతకం. బల్లులతో, డ్రాగన్లతో గంటల తరబడి పోరాడి ఎదిగిన పాత్ర మర్నాటికి మిగలకపోతే ఎదుగుదలకు అర్థమే ఉండదు. 1986 మే 27న ఎనిక్స్ కంపెనీ విడుదల చేసిన ‘డ్రాగన్ క్వెస్ట్’ ఈ చిక్కును 20 అక్షరాల పాస్‌వర్డ్‌తో దాటింది. ఆట ఆపే ముందు రాజు చెప్పిన ‘మంత్రం’ కాగితం మీద రాసుకోవాలి, మర్నాడు తప్పులేకుండా కొట్టాలి. 1987 జనవరిలో వచ్చిన దాని రెండో భాగంలో ఆ మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం తప్పినా పాత్ర తిరిగి రాదు.

నింటెండో వేరే దారి పట్టింది. 1986 ఫిబ్రవరి 21న, డిస్కుల మీది ఆటలు నడిపే ఫామికామ్ డిస్క్ సిస్టమ్‌ను 15,000 యెన్లకు విడుదల చేసింది. మొదటి జెల్డా ఆట అదే రోజు దానితోపాటే వచ్చింది. రెండు వైపులా కలిపి 112 కిలోబైట్లు పట్టే ఆ పసుపుపచ్చని డిస్క్ కార్డు ఆనాటి మామూలు కార్ట్రిడ్జ్ కంటే ఎక్కువ పట్టేది, చవగ్గా దొరికేది. దుకాణంలోని యంత్రంలో 500 యెన్లు చెల్లించి దాని మీద కొత్త ఆట ఎక్కించుకునే వీలుండేది. అన్నిటికీ మించి, ఆటగాడి వివరాలను అదే డిస్కు మీద తిరిగి రాసుకునేది. పాత్ర ఎదుగుదలను నమ్మకంగా దాచిపెట్టే చోటు ఇంటి కన్సోల్‌కు అలా ఏర్పడింది. రెండో ఆటలో పాయింట్లు, లెవెళ్లు, మంత్రాలు ఇన్ని పెట్టగలగడానికి ఇదే పునాది.

మొదటి ఆటలో ఎదుగుదల ఎక్కడుంది

మొదటి జెల్డాలోనూ లింక్ ఎదుగుతాడు. అయితే ఆ ఎదుగుదల అంకెల్లో ఉండదు, వస్తువుల్లో ఉంటుంది. ఆట 3 హృదయాలతో మొదలై 16 దాకా పెరగవచ్చు. తెల్ల కత్తి కావాలంటే 5 హృదయాలుండాలి, మాయ కత్తికి 12 కావాలి. హృదయాలు గుహల్లో, నేలమాళిగల చివర దొరుకుతాయి. శత్రువును పదిసార్లు చంపినా, వందసార్లు చంపినా లింక్ బలం మారదు. చంపితే రూపీలో, బాంబులో, పోయిన ప్రాణం కొంతో దొరుకుతుంది. శక్తి దొరికేది మాత్రం వెతుకులాటకే.

16 అడ్డం, 8 నిలువు, మొత్తం 128 స్క్రీన్ల మైదానం, 9 నేలమాళిగలు ఆ వెతుకులాటకు చోటు. జ్ఞాపకాన్ని ఎంత పొదుపుగా వాడారంటే మొదటి 6 నేలమాళిగల పటాలను ఒకే దీర్ఘచతురస్రంలో, ముక్కలు కలిపి బొమ్మ తయారుచేసే ఆటలోలా ఒకదాని పక్కన ఒకటి ఇరికించారు. ఆట రూపకర్తల్లో ఒకరైన తెజుకా తకాషి కేటాయించిన చోటులో సగంతోనే నేలమాళిగలన్నీ గీసేయడంతో మిగిలిన సగంలో ‘రెండో అన్వేషణ’ పుట్టింది. ఆట పూర్తయ్యాక అవే మైదానాల కింద వేరే నేలమాళిగలు ఎదురవుతాయి. పేరు అడిగినచోట ‘జెల్డా’ అని కొడితే నేరుగా అక్కడికే చేరవచ్చు.

ఈ లెక్కన మొదటి ఆటను యాక్షన్ అడ్వెంచర్ అనడం సబబు. శత్రువును చంపడం వల్లే పాత్ర బలపడటం, ఆ బలాన్ని ఎటు మళ్లించాలో ఆటగాడే తేల్చుకోవడం రోల్ ప్లేయింగ్ ఆటల ముఖ్య లక్షణాలని అనుకుంటే, ఆ వరుసలో వాటికి పూర్తిగా సరిపోయేది రెండో ఆటే. చేతివేగానికీ అంకెల ఎదుగుదలకూ పెళ్లి చేసిన ఆటలు అప్పటికే జపాన్ హోమ్ కంప్యూటర్లలో ఉన్నాయి. నిహోన్ ఫాల్కమ్ ‘డ్రాగన్ స్లేయర్’, టీ అండ్ ఈ సాఫ్ట్ ‘హైడ్‌లైడ్’ రెండూ 1984లో వచ్చాయి. కానీ వాటిలో పోరాటమంటే శత్రువును వెళ్లి ఢీకొనడమే. ఎవరి అంకె పెద్దదైతే వారిదే గెలుపు. ఆ ఢీకొట్టుడు స్థానంలో నిజమైన కత్తిసాము పెట్టాలన్న ప్రయత్నమే లింక్ రెండో సాహసం.

పక్కచూపు వచ్చాక ఏం మారింది

కత్తినీ డాలునూ పైకీ కిందికీ వాడే పక్కచూపు యాక్షన్ ఆట చేయాలన్న, మొదటి ఆట రూపకర్త మియామొటో షిగెరు కోరిక నుంచి ఈ ఆట మొదలైంది. ఆయన నిర్మాతగా ఉండగా సుగియామా తదాషి, యమమురా యసుహిసా దర్శకత్వం వహించారు. మొదటి ఆటకు కొండో కోజి సంగీతం ఇవ్వగా, దీనికి నకత్సుకా అకితో ఇచ్చారు. 1987 జనవరి 14న, మొదటి ఆట వచ్చి ఏడాది తిరగకముందే, ఇది డిస్కు మీద విడుదలైంది.

చూపు మారడం పైపై మార్పులా కనిపిస్తుంది. నిజానికి ఆట నిర్మాణమంతా దాని వెంటే మారింది. ముందుగా బటన్ల సంగతి. ఫామికామ్ కంట్రోలర్ మీద నాలుగు దిక్కుల మీటతో పాటు ఏ, బీ అనే రెండు బటన్లూ, మధ్యలో సెలెక్ట్, స్టార్ట్ ఉంటాయి. మొదటి ఆటలో ఏ బటన్ కత్తికి, బీ బటన్ వస్తువుకు. బాంబు, బాణం, బూమరాంగ్, కొవ్వొత్తి ఇవన్నీ బీ మీదే కూర్చునేవి, అందుకే ఆ ఆటకు ఆత్మ వస్తువుల వాడకంలో ఉంది. పక్కచూపులో భూమి ఆకర్షణ ఉంటుంది కనుక దూకడం తప్పనిసరి. దూకడానికి ఏ బటన్ పోయింది, కత్తికి బీ పోయింది. వస్తువుకు బటనే మిగలలేదు.

అందుకే రెండో ఆటలో వస్తువులు చాలావరకు చేతిలో ఉన్నంతమాత్రానే పనిచేస్తాయి. కొవ్వొత్తి ఉంటే గుహలో వెలుగు వస్తుంది, చేతితొడుగు ఉంటే కత్తిదెబ్బకు రాయి పగులుతుంది, బూట్లుంటే కొన్నిచోట్ల నీటి మీద నడవవచ్చు. ఆటగాడు ఎంచుకుని వాడేవి మంత్రాలు మాత్రమే. ఊళ్లలోని ముసలి మాంత్రికులు నేర్పే ఎనిమిది మంత్రాలను స్టార్ట్ నొక్కి ఎంచుకుని, సెలెక్ట్ నొక్కి ప్రయోగించాలి. పోరాటం మధ్యలో బొటనవేలిని మామూలు చోటు నుంచి తీసి ఆ చిన్న బటన్ మీదికి చేర్చాల్సి రావడం చిన్న ఇబ్బందిలా అనిపించినా, మంత్రాలను దెబ్బల మధ్య కాక గదిలోకి అడుగుపెట్టే ముందే వాడే అలవాటు దానివల్లే ఏర్పడింది. డాలు, దూకు లాంటి మంత్రాల ప్రభావం ఆ గదంతా నిలిచి ఉండేలా పెట్టడం ఈ పరిమితికి తగిన పరిష్కారం.

రెండోది గీతల సంగతి. ఫామికామ్ బొమ్మల చిప్ తెర మీద ఒకేసారి 64 కదిలే బొమ్మముక్కలను చూపగలదు. కానీ ఒక అడ్డగీత మీద ఎనిమిదింటిని మించి గీయలేదు. ఒక్కో ముక్క వెడల్పు 8 పిక్సెళ్లు. 16 పిక్సెళ్ల వెడల్పున్న పాత్రకు గీతకు రెండు ముక్కలు ఖర్చవుతాయి. పైనుంచి చూసే ఆటలో శత్రువులు తెర నిండా చెల్లాచెదురుగా ఉంటారు కనుక ఒకే గీత మీదికి అందరూ రావడం అరుదు. పక్కచూపులో నేల ఒకటే, దాని మీద నిలబడ్డవారంతా అవే గీతలను పంచుకోవాలి. లింక్, ఇద్దరు శత్రువులు, ఒక కత్తి, విసిరిన ఒక గొడ్డలి కలిస్తే లెక్క ఎనిమిదికి చేరిపోతుంది. అది దాటితే బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి లేదా ముక్కలు మాయమవుతాయి.

అందువల్ల గుంపులతో పోరు ఇక్కడ కుదరదు. తక్కువమంది శత్రువులు ఉండాలి, ఆ తక్కువమందీ గట్టివారై ఉండాలి. ఐరన్ నకిల్ అనే కవచధారి ఈ ఆలోచనకు నిలువెత్తు రూపం. లింక్ ఎక్కడ కొట్టబోతే అక్కడికి అతని డాలు కదులుతుంది, నిలబడి కొడితే పైకి, వంగి కొడితే కిందికి. లింక్ కత్తి పొట్టిది, శత్రువుకు దగ్గరగా వెళితే తప్ప తగలదు. ఐరన్ నకిల్ కత్తి కూడా పైనా కిందా రెండు ఎత్తుల్లో వస్తుంది, అందుకు తగ్గట్టు లింక్ నిలబడో వంగో డాలు పట్టాలి. దూకుతూ తలమీద కొట్టడం, కొట్టినట్టు నటించి ఎత్తు మార్చడం ఇలాంటి ఎత్తుగడలతో ఇద్దరి మధ్య సాగే ద్వంద్వయుద్ధంలా ఇది నడుస్తుంది. 8 బిట్ల కాలంలో ఒక్క శత్రువుతో ఇంత లోతుగా సాగిన పోరాటం అరుదు, ఈ ఆట గొప్పతనం ఇక్కడే ఉంది. ఊళ్లలోని కత్తివీరులు నేర్పే కింది పోటు, పై పోటు అనే రెండు విద్యలు అందాక ఆ పోరాటానికి నాలుగు దిక్కులూ తెరుచుకుంటాయి.

పాయింట్ల లెక్క

ఇంత నైపుణ్యం అడిగే పోరాటానికి అంకెల ఎదుగుదలను జతచేస్తే ఏమవుతుంది? ఆటలో మూడు గుణాలున్నాయి: దాడి, మ్యాజిక్, లైఫ్. దాడి పెరిగితే కత్తిదెబ్బ బలం పెరుగుతుంది, మ్యాజిక్ పెరిగితే మంత్రాల ఖర్చు తగ్గుతుంది, లైఫ్ పెరిగితే తగిలిన దెబ్బ నష్టం తగ్గుతుంది. ఒక్కోటి 1 నుంచి 8వ లెవెల్ దాకా వెళుతుంది. హృదయ పాత్రలు, మ్యాజిక్ పాత్రలు దొరికితే గీతల పొడవు పెరుగుతుంది, కానీ అది వేరే లెక్క. దాచిన చోట్ల వెతికినవారికి దక్కే ఆ బహుమతి మొదటి ఆట నుంచి మిగిలిన వారసత్వం.

అమెరికా కూర్పులో రెండో లెవెల్‌కు ధరలు ఇలా ఉన్నాయి: లైఫ్‌కు 50 పాయింట్లు, మ్యాజిక్‌కు 100, దాడికి 200. ఒకటి నుంచి ఎనిమిది దాకా చేరడానికి లైఫ్‌కు మొత్తం 9,400 పాయింట్లు కావాలి, మ్యాజిక్‌కు 14,000, దాడికి 19,700. దాడిని పెంచుకోవడం లైఫ్ కంటే రెట్టింపుకు మించిన ఖర్చు. సరిపడా పాయింట్లు రాగానే ఆట ఆగి, ఏ గుణం పెంచుకుంటావని అడుగుతుంది. అప్పుడు వద్దనుకుని, పై ధర కోసం పాయింట్లు కూడబెట్టుకునే వీలూ ఉంది. చవకైన రక్షణ ఇప్పుడు తీసుకోవాలా, ఖరీదైన బలం కోసం ఆగాలా అన్న ఈ తూకం ఆట మొత్తంలో అతి తెలివైన నిర్ణయాల్లో ఒకటి.

ఆగడంలో ప్రమాదం ఉంది కాబట్టే అది నిర్ణయమవుతుంది. మూడు ప్రాణాలూ పోయి గేమ్ ఓవర్ అయితే ఖర్చుచేయని పాయింట్లన్నీ సున్నా అవుతాయి. కొందరు శత్రువుల దెబ్బ తగిలితే ప్రాణంతో పాటు పాయింట్లూ తగ్గుతాయి. మరోవైపు, కోటలోని విగ్రహంలో స్ఫటికం అమర్చగానే తరవాతి లెవెల్‌కు కావలసిన పాయింట్లు ఆటే నింపేస్తుంది. కనుక అనుభవం ఉన్నవారు చవకైన లెవెళ్లను ముందే కొనేసి, స్ఫటికం తెచ్చే ఉచిత లెవెల్‌ను అతి ఖరీదైన మెట్టుకు వాడుకుంటారు. వ్యవసాయంలో పెట్టుబడి ఎప్పుడు పెట్టాలో చూసుకున్నట్టే, ఇక్కడ సంపాదన కంటే ఖర్చుపెట్టే వేళ ముఖ్యం.

ఒక ఆట, రెండు శిక్షలు

డిస్క్ సిస్టమ్ జపాన్ దాటి అమెరికాకు రాలేదు. అక్కడి ఆటగాళ్ల కోసం కార్ట్రిడ్జ్ చేయాల్సి వచ్చింది. ‘మెట్రాయిడ్’ లాంటి డిస్కు ఆటలు అమెరికాలో పాస్‌వర్డ్‌కు దిగితే, జెల్డా రెండు ఆటలకూ నింటెండో బంగారు రంగు కార్ట్రిడ్జ్ లోపల 8 కిలోబైట్ల జ్ఞాపకాన్నీ, దాన్ని బతికించే గుండ్రటి బ్యాటరీనీ పెట్టింది. ఆట ఆపేటప్పుడు రీసెట్ నొక్కిపట్టి పవర్ తీయమని తెర మీద హెచ్చరిక ఉండేది. కరెంటు పడిపోతున్న క్షణంలో ప్రాసెసర్ అడ్డదిడ్డంగా రాసి, దాచిన వివరాలు చెడగొట్టకుండా ఆ జాగ్రత్త.

రెండో ఆట కార్ట్రిడ్జ్ 256 కిలోబైట్లు. 112 కిలోబైట్ల డిస్కు కంటే రెట్టింపును దాటింది. డిస్కు ఎక్కువ పడుతుందన్న వాదన రెండేళ్లలోనే తిరగబడింది. 1988లో ప్రపంచమంతటా చిప్‌ల కొరత ఏర్పడటంతో అమెరికాలో విడుదల ఆలస్యమై, చివరకు ఆ ఏడాది డిసెంబరులో ఆట దుకాణాలకు చేరింది. జపాన్‌లో వచ్చిన దాదాపు రెండేళ్లకు.

ఆ వ్యవధిలో మారిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది శిక్ష. జపాన్ డిస్కులో గేమ్ ఓవర్ అయితే మూడు గుణాల్లో ఏది అతి తక్కువ లెవెల్‌లో ఉందో మిగతా రెండూ దానికే పడిపోతాయి. దాడి 5, మ్యాజిక్ 4, లైఫ్ 2 ఉన్నవాడు ఓడితే మూడూ 2 అవుతాయి. ఆ నియమం ఆటగాడిని మూడింటినీ సమానంగా పెంచమని బలవంతపెడుతుంది. సమానంగా పెంచినప్పుడు ఓటమి వల్ల నష్టం స్వల్పమే, ఒకవైపు మొగ్గితే ఒక్క ఓటమితో కష్టమంతా వృథా. అమెరికా కూర్పులో ఒకసారి కొన్న లెవెల్ పోదు. పోయేది చేతిలోని పాయింట్లు మాత్రమే.

మొదటి పద్ధతి కఠినమైనది, కానీ పొందికైనది. రెండో పద్ధతి దయగలది, పైగా ఆటగాడికి తన శైలి ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తుంది. దాడిని ముందు పెంచుకున్నా, లైఫ్‌ను పెంచుకున్నా ఎవరూ అడ్డుచెప్పరు. రెండోదే మెరుగైన రూపకల్పన. ఎంచుకోమని అడిగి, ఎంచుకున్నందుకు శిక్షించడం రోల్ ప్లేయింగ్ స్వభావానికి విరుద్ధం. ఈ ఒక్క మార్పుతో ఆట పాత్రే మారిపోయింది. రెండు కూర్పులనూ ఒకే ఆటగా భావించి కష్టాన్ని అంచనావేసేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు.

కష్టమంతా దారిలోనే

అమెరికా కూర్పు కూడా కష్టమన్న పేరు తెచ్చుకుంది కదా అన్న సందేహం సహజం. దానికి పోరాటం ఒక కారణమే అయినా, అసలు భారం దారిది. గేమ్ ఓవర్ అయిన ప్రతిసారీ లింక్ ఆట మొదలైన చోటుకే, జెల్డా రాకుమారి నిద్రపోతున్న ఉత్తరపు కోటకే తిరిగి వస్తాడు. లోకం పడమర, తూర్పు అని రెండు భూభాగాలు. తూర్పుకు వెళ్లాలంటే మిడో ఊరి రేవు నుంచి తెప్ప మీద సముద్రం దాటాలి. తూర్పున ఓడినవాడు ఉత్తరపు కోట నుంచి మళ్లీ రేవుకు, తెప్పకు, అక్కడి నుంచి కొండలకు, గుహలకు నడుచుకుంటూ పోవాలి. చివరి మహా కోట ఒక్కటే దీనికి మినహాయింపు. అక్కడ ఓడితే దాని వాకిట్లోనే తిరిగి మొదలుపెట్టవచ్చు.

దారిలో శత్రువులు పొంచి ఉంటారు. పటం మీద నడుస్తున్నప్పుడు చిన్న నల్లటి ఆకారాలు లింక్ చుట్టూ పుట్టుకొచ్చి వెంటపడతాయి. తగిలితే ఆ నేలను బట్టి అడవి, ఎడారి, చిత్తడి పోరాటంలో పడవేస్తాయి. బాట మీద ఉండగా తగిలితే శత్రువులు లేని ఖాళీ తెర వస్తుంది. ‘డ్రాగన్ క్వెస్ట్’లో శత్రువు కనిపించకుండా హఠాత్తుగా ఎదురవుతాడు. ఇక్కడ కనిపించి తరుముతాడు, తప్పించుకునే అవకాశం ఆటగాడి చేతిలో ఉంటుంది. ఆ ఒక్క చిన్న ఏర్పాటుతో అదృష్టం స్థానంలోకి నైపుణ్యం వచ్చింది.

అదనపు ప్రాణాలిచ్చే లింక్ బొమ్మలు లోకంలో కొన్నే ఉన్నాయి, తీసుకున్నవి తిరిగి పుట్టవు. వాటిని చివరి కోట కోసం దాచుకోవాలా, ఇప్పుడే వాడాలా అన్నది మరో తూకం. మొత్తంమీద ఈ ఆట ఆటగాడిని చేతివేగంలో పరీక్షించి, ఓడిపోతే ఓపికలో పరీక్షిస్తుంది. మొదటి పరీక్షను మెచ్చుకున్నవారు రెండో పరీక్ష దగ్గర విసిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ ఆటలో నిజమైన లోపమంటే ఈ సుదీర్ఘ నడకే.

ఎర్రర్ గారి ఊరు

అనువాదం వల్ల కలిగిన గందరగోళం ఒకటి విడిగా చెప్పుకోదగినది. రూటో ఊరిలో ఒక ఇంట్లో గడ్డపాయన లింక్‌తో మొదట ‘ఐ యామ్ ఎర్రర్’ అని మాత్రమే అంటాడు. ఆట చెడిపోయి తప్పు సందేశం వచ్చిందని అమెరికాలో చాలామంది అనుకున్నారు. జపాన్ మూలంలోనూ అతని పేరు ఎర్రరే. అతనికి జోడీగా అడవిలో ఉండే మరొకడి పేరు బగ్. ప్రోగ్రాములు రాసేవారికి నిత్యం ఎదురయ్యే రెండు పదాలను ఇద్దరు మనుషుల పేర్లుగా పెట్టిన సరదా అది. ఇంగ్లీషు చేసినవారు మొదటి పేరును సరిగ్గా ఎర్రర్ అని రాసి, రెండోదాన్ని జపాన్ పలుకుబడిలోనే ‘బాగు’ అని ఉంచేశారు. జోడీ విడిపోవడంతో ఎర్రర్ ఒంటరివాడై అర్థం కోల్పోయాడు. తెలుగులో బగ్ అన్నా ఎర్రర్ అన్నా కంప్యూటర్ తెలిసినవారికి వెంటనే తట్టే జంట, ఇంగ్లీషు ఆటలో అది తట్టకుండా పోయింది.

ఏది నిలిచింది, ఏది పోయింది

అమ్మకాల్లో ఆట విఫలం కాలేదు. మొదటిది సుమారు 65 లక్షల ప్రతులు అమ్ముడైతే, రెండోది సుమారు 43.8 లక్షలు అమ్ముడైంది. అయినా 1991లో సూపర్ ఫామికామ్ మీద వచ్చిన మూడో ఆట పైనుంచి చూసే దృశ్యానికి, రూపీలకు, వస్తువులకు తిరిగి వెళ్లింది. పాయింట్లు, లెవెళ్లు పోయాయి. సూపర్ ఫామికామ్ కంట్రోలర్ మీద చేతికి అందే బటన్లు ఆరుకు పెరిగాయన్నది ఇక్కడ గమనించాలి. వస్తువుకు, కత్తికి, పరుగుకు, పటానికి ఒక్కో బటన్ ఇవ్వగలిగినప్పుడు వస్తువుల ఆట తన పాత బలంతో తిరిగి వచ్చింది. మియామొటో కూడా తరవాతి కాలంలో రెండో ఆట విషయంలో తన అసంతృప్తిని బయటపెట్టారు.

కానీ లోపలి ముక్కలు చాలా నిలిచాయి. ఖర్చయ్యే మ్యాజిక్ గీత వరుసలోకి ఇక్కడే ప్రవేశించింది. మహా కోట చివర లింక్ తన నీడతోనే పోరాడే ఘట్టం 1998 నాటి ‘ఒకరినా ఆఫ్ టైమ్’లో నీటి ఆలయంలో మళ్లీ కనిపించింది. రౌరు, రూటో, సారియా, నబూరు, దారునియా అన్న ఊళ్ల పేర్లు అదే ఆటలో జ్ఞానుల పేర్లయ్యాయి. మొదటి ఆటలో గుహల్లో, నేలమాళిగల్లో దాక్కున్న కొద్దిమంది మాత్రమే మాట్లాడేవారు. మనుషులు తిరుగాడే ఊళ్లతో, ఆట లోకమైన హైరూల్‌ను ఒక దేశంలా చూపింది రెండో ఆటే. ఒక్క శత్రువు ముందు నిలబడి అతని కదలికలు చదివి సమయం చూసి కొట్టే పోరాటం ఇప్పుడు ఎన్నో యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటలకు ప్రాణం. దాని తొలి రూపాల్లో ఐరన్ నకిల్ గదులకు గౌరవమైన చోటు ఉండాలి.

తెలుగు ఇళ్లకు ఎందుకు రాలేదు, ఇప్పుడు ఎలా వస్తోంది

1990లలో హైదరాబాద్‌లోనూ ఆంధ్ర పట్టణాల్లోనూ టీవీకి తగిలించి ఆడిన ‘వీడియో గేమ్’ పెట్టెలు చాలావరకు ఫామికామ్ నకళ్లే. వాటి ‘కాసెట్’ల మీద వందలు, వేల ఆటలని రాసి ఉన్నా లోపల ఉండేవి కొన్నే, అవీ ఒకసారి కూర్చుంటే ముగిసిపోయే రకాలే. మారియో, కాంట్రా అలా ఒక తరానికి బాగా పరిచయమయ్యాయి. బ్యాటరీ, సేవ్, చదవాల్సిన సంభాషణలు అవసరమైన జెల్డా లాంటి ఆటలకు ఆ చవక కాసెట్లలో చోటు దొరకడం అరుదు. అదే యంత్రం, అదే కంట్రోలర్ చేతిలో ఉన్నా, రోజుల తరబడి సాగే ఆటల వైపు తెలుగు పిల్లలకు తలుపు తెరుచుకోలేదు.

ఇప్పుడు ఆ తలుపు వేరే దారిలో తెరుచుకుంది. 2016లో వచ్చిన బుల్లి ఎన్‌ఈఎస్ పెట్టెలో రెండు జెల్డా ఆటలూ ఉన్నాయి. 2019 జనవరి నుంచి స్విచ్ కన్సోల్ చందాదారులకూ రెండో ఆట అందుబాటులోకి వచ్చింది. ఈ రెండుచోట్లా ఆటను ఏ క్షణంలోనైనా ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు. ఐరన్ నకిల్ గది వాకిట్లో దాచుకుని, ఓడితే అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. దీనివల్ల సుదీర్ఘ నడక అనే భారం పోతుంది, పోరాటం మాత్రం అలాగే మిగులుతుంది. అయితే ఓటమికి వెల లేకపోతే పాయింట్లు కూడబెట్టాలా, ఖర్చుచేయాలా అన్న తూకం కూడా బలహీనపడుతుంది. దాచుకునే సౌకర్యాన్ని ప్రతి గదిలో కాక, కోట గుమ్మం దగ్గర మాత్రమే వాడితే నడక తప్పుతుంది, తూకం మిగులుతుంది.

అసలు వస్తువులు మాత్రం కరిగిపోతున్నాయి. డిస్కు మీద ఆట మార్చి ఎక్కించే సేవను నింటెండో 2003లో ఆపేసింది. డిస్క్ డ్రైవుల్లోని రబ్బరు బెల్టులు సాగి, జిగురుగా మారి పనిచేయడం మానేస్తున్నాయి. బంగారు కార్ట్రిడ్జ్‌లోని బ్యాటరీని మార్చాలంటే పెట్టె విప్పి టంకం వేయాలి, పాత బ్యాటరీ తీసిన క్షణంలో, వేరే విద్యుత్తు అందించకపోతే, అందులో 1988 నుంచి దాచి ఉన్న లింక్ చెరిగిపోతాడు.